అమల కోపం

ఆ వారమంతా రోహిణికి అన్నం సయించలేదు. మనసులో ఒక్కటే మాట తొలుస్తోంది. మొన్నటి ఆటలో అమల తనవైపు చూసిన ఆ చూపు టీవీ పోటీలవాళ్ళు నేర్పి చూపించమన్నదా, లేక నిజంగా ఆ పిల్ల కడుపులోంచి వచ్చిందా? ఎవర్ని అడుగుతుంది, ఏమని అడుగుతుంది?

అమలంటే పరాయిది కాదు మరి. రోహిణిది మన్సూరాబాద్. తాతల చేలన్నీ ప్లాట్లయిపోయి, ఇంటి చుట్టూ కాలనీలు లేచిన పాతకాపుల కుటుంబం. అమల నాన్న రామమోహనరావు గుడివాడ వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. పిల్లలిద్దరిదీ ఒకే బడి, ఒకే కబడ్డీ జట్టు. అవతలి పిల్ల కూతకొస్తే ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని మూలన నిలబడేవారు. చెమటకు జారకుండా ముందే అరచేతులకు మట్టి రాసుకునేవారు. అమల దూకబోయే ముందు రోహిణి చేతిని ఒక్క నొక్కు నొక్కేది. అంతే, ఇద్దరూ కలిసి దాని కాళ్ళ మీదికి దూకేవారు. కూతకొచ్చిన పిల్ల మట్టి కరిచేది.

తర్వాత ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చింది. సమ్మెలు, బంద్‌లు, ఎల్బీనగర్ చౌరస్తాలో రోజుకో ఊరేగింపు. ఈ పిల్లలిద్దరూ పోట్లాడుకున్నదేమీ లేదు. ఫోన్లు తగ్గాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. ఎవరు ముందు ఆపారంటే ఇద్దరికీ చెప్పడం రాదు.

అలాంటి రోజుల్లోనే చక్రపాణి అనే ఆయన టీవీ కోసమని ఆడపిల్లల కబడ్డీ పోటీలు పెట్టాడు. రోహిణిని ఎర్ర జట్టులో, అమలను నీలం జట్టులో వేశాడు. రంగులే తప్ప ఊళ్ళ పేర్లు పెట్టలేదు గానీ, ఏది ఎవరి జట్టో జనానికి ఒకరు చెప్పాలా? ఆయనకు కావలసిందీ అదే. ఆటకు ముందు చేతులు కలపొద్దన్నాడు. కళ్ళెర్రజేయమన్నాడు. ఔటయితే కూలబడి ఏడవమన్నాడు. కెమెరా దగ్గరికొచ్చేదాకా కళ్ళు తుడుచుకోవద్దన్నాడు. ఏడుపు రానివాళ్ళు కంటి కింద కాస్త బామ్ రాసుకోమని దారి కూడా చూపించాడు. మొదటి ఆటలో అమల కళ్ళెర్రజేసింది. ఆ చూపే రోహిణికి ముల్లై కూర్చుంది.

రెండో ఆట వచ్చింది. రోహిణి కూతకెళ్ళింది. ఎదురుగా అమల, దాని చెయ్యి పట్టుకుని సింధు అనే మరో పిల్ల. సింధు మీద రోహిణికి ఏ పగా లేదు. అయినా ఆ కలిసిన చేతులు చూసేసరికి గొంతులో కూత తడబడింది. అమల వేళ్ళు బిగిశాయి. ఇక దూకుతుందని రోహిణికి తెలిసిపోయింది. పక్కకు జరిగి, వెనుదిరుగుతూ చెయ్యి విసిరింది. వేలికొన అమల మోచేతిని తాకింది. గాలి తాకినంత. రోహిణి తన గీత చేరుకుంది. ఆ తాకుడు అంపైరు చూడనే లేదు.

బళ్ళో కబడ్డీ నేర్పిన శ్రీరామమూర్తి సార్ దగ్గర ఒక కట్టడి ఉండేది. తగిలిందో లేదో తగిలినదాని ఒంటికే తెలుస్తుంది కాబట్టి, ఎవరూ అడక్కముందే అదే చెయ్యెత్తి బయటికి నడవాలి. అంపైరు చెప్పేదాకా ఆగిన పిల్లకు మరుసటి ఆట ఉండేది కాదు. చక్రపాణి నేర్పింది దీనికి తలకిందులు. ఇలాంటప్పుడే వాదులాడాలి, మీద మీదికి వెళ్ళాలి, జనాన్ని రెచ్చగొట్టాలి.

అమల చెయ్యెత్తింది. ఎవరివైపూ చూడకుండా గీత దాటి వెళ్ళి కూర్చుంది. కూలబడలేదు, ఏడవలేదు. చక్రపాణి తల పట్టుకున్నాడు.

రోహిణికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇలా చెయ్యెత్తిన పిల్లకు తన మీద కోపమెక్కడిది? ఆ చూపంతా చక్రపాణి ఆడించిన నాటకమేనన్నమాట. ఆట అయ్యీ అవగానే నీలం జట్టు వ్యాను దగ్గరికి పరుగెత్తింది.

"యాక్టింగ్ మస్తు చేసినవే పోరీ. వారం సంది నాకు బువ్వ పోతలేదు, ఎరికేనా?"

వ్యానులో కూర్చున్న అమల బూట్ల లేసులు విప్పుకుంటూ తలెత్తలేదు. "యాక్టింగ్ ఎవరు చేశారు?"

"మరి చెయ్యెత్తితివి గదనే."

"తగిలింది, ఎత్తాను. ఎవరు ముట్టుకున్నా ఎత్తేదాన్నే. నీ మీద కోపం అలాగే ఉంది."

రోహిణి వంగి అమల ముఖంలోకి చూసింది.

"సమ్మెలో మీరంతా ఎల్బీనగర్ రోడ్డు మీద కబడ్డీ ఆడారే," అంది అమల, ఇంకా లేసులతోనే మాట్లాడుతున్నట్టు. "బస్సుల్లేని బస్టాపులో నిలబడి ఆటంతా చూశాను. మన మూలన నా చోట్లో ఎవర్నో నిలబెట్టుకున్నావ్."

ఆ రోజు రోహిణికి గుర్తే. బంద్ నాడు రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే ఆటలు. తారు మీద పడి మోకాళ్ళు దోక్కుపోయాయి. పక్కనున్న పిల్ల చెయ్యి ఎప్పుడు నొక్కుతుందా అని ఆటంతా ఎదురుచూసింది. బస్టాపు వైపు చూడనే లేదు.

"నువ్వు ఒస్తవనుకోలే," అంది మెల్లగా. "మీ నాయిన ఏమంటడో అని..."

"వచ్చేదాన్నో, రానో. పిలిస్తే కదా తెలిసేది."

వ్యాను కదిలింది. రోహిణికి అప్పుడొచ్చింది ఏడుపు. కెమెరాలవాళ్ళు అప్పటికే వైర్లు చుట్టుకుంటున్నారు.

ఆదివారం పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళింది. ఫోను చేసి ఉండొచ్చు, చెయ్యలేదు. మేడ కింద నిలబడి, టిఫిన్ బండి దగ్గరివాళ్ళు తిరిగి చూసినా సిగ్గుపడకుండా గొంతెత్తి పిలిచింది.

"అమలా, ఆటకొస్తవానే?"

గడ్డానికి సబ్బు నురగతో రామమోహనరావు బాల్కనీలోకి వచ్చాడు. పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. అమల లోపలే ఉందనీ, ఎండలో ఎందుకు, పైకొచ్చి కూర్చోమనీ అన్నాడు.

"ఒద్దంకుల్. నేను పిలుస్తున్ననని చెప్పుండ్రి, చాలు."

ఆయన లోపలికెళ్ళాడు. లోపల ఏవో మాటలు వినిపించి ఆగిపోయాయి. ఎండ రోహిణి నెత్తి మీదికొచ్చింది. పక్కనే గోడ నీడ ఉంది గానీ అటు జరగలేదు. జరిగితే బాల్కనీ కనబడదు.