మాలకొండయ్య పట్టు

తర్లుపాడు మాలకొండయ్య ఎడ్ల దళారి. ఆయన కంటికి ఆనే మనిషి ఆ తాలూకాలోనే లేడు. రైతులు వెర్రిబాగులవాళ్ళు, దుకాణాలవాళ్ళు దొంగలు, మిషను ఆసుపత్రికి పరిగెత్తేవాళ్ళు పిరికిపందలు. కర్నూలు నుంచి కారేసుకుని వచ్చే కలెక్టరు దొర సైతం ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పలేని దద్దమ్మ. బుర్ర అన్నది దేవుడు తన ఒక్కడికే పెట్టి పంపాడని ఆయన నమ్మకం. తీరా తేడా వచ్చింది ఆ బుర్రలోనే.

ఒకనాటి పొద్దున మంచం దిగబోతే కుడికాలు కాస్త ఈడ్చింది. చెంబెత్తి నీళ్ళు తాగాడు. కింద పెడదామంటే వేళ్ళు ఊడిరాలేదు. ఎడమచేత్తో చెంబు లాగేకొద్దీ కుడిచెయ్యి ఇంకా బిగిసింది. కాసేపటికి దానంతట అదే సడలింది. పెళ్ళాం శ్రీశైలమ్మ హడలిపోతే మహానుభావుడు మీసం మెలేశాడు.

"ఈ వయసులో ఇంత పట్టు ఎవనికుందో చూపియ్యే," అన్నాడు.

శ్రీశైలమ్మకు ఆ గొప్ప నచ్చలేదు. మిషను ఆసుపత్రి కాంపౌండరు ఎజ్రా వీధిలో పోతుంటే పిలుచుకొచ్చింది. ఎజ్రా ఆయన అరచేతిలో వేలు ఆనించాడు. చెయ్యి టక్కున మూసుకుంది. వెనక్కి లాక్కోబోతే ఇంకా బిగిసింది. ఎజ్రా గుంజులాట మానేసి ఓపిగ్గా కూర్చుంటే గాని వేలు బయటికి రాలేదు.

"చేతికేం రోగం లేదు పెద్దాయనా. రోగం తలకాయలో ఉంది," అన్నాడు. "పట్టుకోమనేదీ వదలమనేదీ మెదడే. పుట్టిన బిడ్డ అరచేతిలో వేలు పెడితే పట్టుకుంటది గదా, ఎవరూ నేర్పకపోయినా. ఎదిగేకొద్దీ మెదడు ఆ గుణాన్ని అణిచిపెట్టి ఉంచుతది. నీకు ఆ అణిచిపెట్టే కాడ నెత్తురు ఆడటం లేదేమో. దొరసాని డాక్టరుకు చూపించుకో. అందాక సంతకు పోవద్దు."

"నా తలకాయ సంగతి నువ్వు జెప్పాల్నా? పోయి నీ సీసాలు కడుక్కోపో," అన్నాడు మాలకొండయ్య.

ఆ వారమే చెల్లెలు చెంచమ్మ ఎడ్ల జతను తోలుకొచ్చింది. మొగుడు పోయాడు, దున్నే దిక్కులేదు. ఎడ్లు అమ్మి, ఆ డబ్బుతో గొర్రెలు కొనుక్కుని బతకాలని ఆమె ఆశ. అంతకు మించి ఆమెకు వేరే ఆధారం లేదు.

"అన్నా, దూడలప్పటినుంచి సాకినా. నీ చేతిలో పెడుతున్నా," అంది.

కురిచేడు సంతకు చెంచమ్మ కూడా అన్న వెంట వెళ్ళింది. అక్కడ ఆ ఎడ్లను చూసి వెలిగండ్ల వ్యాపారి కాశయ్య ఆగాడు. సంతలో ధర నోటితో చెప్పరు. దళారీ, కొనేవాడూ తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. ఒప్పకపోతే చెయ్యి వదిలేయాలి. ఒప్పితే గట్టిగా పట్టుకోవాలి. అలా పట్టుకున్నాక బేరం తిరగదు.

కాశయ్య పరాచికానికన్నట్టు సగం ధర దగ్గర మొదలెట్టాడు. మాలకొండయ్యకు ఒళ్ళు మండింది. చెయ్యి విదిలించి కొడదామనుకున్నాడు. కానీ కాశయ్య వేళ్ళు అరచేతికి తగలడంతోనే ఆ చెయ్యి మూసుకుంది. వదలమని ఆయన లోపల ఎంత మొత్తుకున్నా వేలు కదలలేదు. కాశయ్య బిత్తరపోయి లాగాడు. లాగేకొద్దీ పట్టు బిగిసింది.

"సగానికే ఖాయమా మామా?" అన్నాడు కాశయ్య, తన చేతిని తానే నమ్మలేక. తుండుగుడ్డ తీసేశాడు. కలిసి ఉన్న చేతుల్ని చుట్టూ ఉన్న జనమంతా చూశారు.

చెయ్యి స్వాధీనంలో లేదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కాశయ్య నెమ్మదస్తుడు, నవ్వి ఊరుకునేవాడు. కానీ చెయ్యి పడిపోయినవాడి తుండుగుడ్డ కిందికి రేపటినుంచి ఎవడు చెయ్యి పెడతాడు? ఇన్నాళ్ళూ తాను వెక్కిరించిన మనుషులంతా తనను చూసి జాలిపడతారు. ఆ తలపుకే పెద్దమనిషికి చెమటలు పట్టాయి.

"ఖాయమే," అన్నాడు, తల ఎగరేసి.

చెల్లెలి ఎడ్ల బేరంలో లంచం తిన్నాడని జనం గుసగుసలాడారు. అదీ ఆయన చెవిన పడింది. దొంగ అంటే ఆయనకు ఫరవాలేదు. రోగిష్టి అంటేనే నామోషీ. ఛీ, అదీ ఒక పరువేనా!

చెయ్యి సడలాక కాశయ్య ఎడ్లను తోలుకుపోయాడు. అన్నాచెల్లెళ్ళు తిరుగుదారి పట్టారు. సంత కనుమరుగయ్యాక, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మాలకొండయ్య గొంతు తగ్గించాడు.

"నేను పట్టలేదమ్మా. చెయ్యే పట్టుకున్యది. వదులు వదులంటే వినలే. ఎజ్రా జెప్పినాడు, తలకాయలో ఏందో చెడిందంట. నా తప్పేముంది, నువ్వే జెప్పు."

చెంచమ్మ ఆగి, అన్న ముఖంలోకి తేరిపార చూసింది. ఏడవలేదు.

"చెయ్యి నీ మాట వినలేదు, సరే," అంది. "ఖాయమే అన్నది ఎవరు, అన్నా? అదీ చెయ్యేనా?"