వెన్ను మీద చెయ్యి

గొర్రె బాగుందో లేదో అస్లాక్ కంటితో చూసి చెప్పడు. ఉన్ని కంటిని మోసం చేస్తుంది. చెయ్యి వెయ్యాలి. చివరి పక్కటెముక దాటాక, నడుం మీద వెన్నుకి అటు బొటనవేలూ ఇటు మిగతా వేళ్ళూ ఆనించి నొక్కితే కండ ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. ఉంటే ఎడమ దొడ్డిలోకి, చలికాలమంతా ఇంటి కొట్టంలో మేత. లేకపోతే కుడి దొడ్డిలోకి, సోమవారం కబేళా లారీ.

ఆ సెప్టెంబరులో మంద కొండ దిగిన మర్నాడు అతను ఆ పని మీదే ఉన్నాడు. తడిక తలుపు దగ్గర అతని భార్య గున్వోర్ నిలబడింది. పక్క పొలం మాగ్‌హిల్డ్ సాయానికొచ్చింది గానీ చేతికన్నా నోటికే పని ఎక్కువ పెట్టింది.

"ఏం తింటున్నావో మాకూ చెప్పవే గున్వోర్! ఈ ఊరికి పెళ్ళికూతురుగా వచ్చినప్పుడు ఇట్టాగే ఉన్నావు."

"ఏమీ తినట్లేదు. అంతే."

"నేనూ తినట్లేదు. నా నడుంకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు మరి!"

గున్వోర్ పకపకా నవ్వింది. ఆ మాటలు ఆమెకి తేనెలా ఉన్నాయని అస్లాక్‌కి తెలుసు.

ఇరవై రెండేళ్ళప్పుడు వచ్చింది, వెదురుబద్దలా. మొదటి కాన్పుతో మొదలై ఏటికేడాదీ ఒళ్ళు పెరిగింది. నలభై దాటేసరికి మోకాళ్ళు పోయాయి. ప్రతి వేసవీ మందతో పాటు కొండమీది గుడిసెలో ఉండే మనిషి, పైకి వెళ్ళడం మానేసింది. యాభయ్యో ఏట, అప్పుడే ఊరికి కొత్తగా వచ్చిన డాక్టరు సున్నివా నెమ్మదిగా చెప్పింది, చిన్నవయసులో ఎక్కిన బరువు ఒంటిని త్వరగా ముసలిదాన్ని చేస్తుందనీ, గున్వోర్ ఒళ్ళు గున్వోర్ కంటే పదేళ్ళు ముందు నడుస్తోందనీ. ఆ రోజు నుంచి ఆమె రొట్టెకి వెన్న రాయలేదు. బరువు మాత్రం కదల్లేదు.

అరవై దగ్గరపడ్డాక, కిందటి చలికాలం నుంచి అదే తగ్గడం మొదలుపెట్టింది, ఎవరూ అడక్కుండానే. బరువు పోతే ఆ పదేళ్ళూ వెనక్కి వచ్చినట్టేనని గున్వోర్ లెక్క. "వచ్చే వేసవికి పైకి వెళ్తున్నా. గుడిసెలో పొయ్యి బాగుచెయ్యి" అంది. అతను పొగగొట్టం కొనుక్కొచ్చాడు. కుర్చీలోంచి లేవడానికి ఆమె రెండు చేతులూ ఊతం పెట్టడం చూశాడు. కాఫీ సీసా మూత తియ్యమని తన దగ్గరికి తేవడమూ చూశాడు. మూత తీసి ఇచ్చాడు.

ఒక గొర్రె వచ్చింది. పోయినేడు పీపాలా ఉన్నది. అస్లాక్ నడుం మీద చెయ్యి వేశాడు, కుడివైపుకి తోశాడు.

"అయ్యో, దాన్నెందుకయ్యా? సన్నబడిందంతే, నాలాగ" అంది గున్వోర్.

"ముసల్దైపోయింది."

"ఏడేళ్ళకేనా?"

"బాగా లావెక్కి చిక్కింది. పోయింది కొవ్వు కాదు, కండ. చలికాలం దాటదు."

గొర్రెల సంగతి కాబట్టి అన్ని మాటలు వచ్చాయి అతనికి. అంతలో మరో గొర్రె దూసుకొచ్చి తడికని గుద్దింది. బురదలో గున్వోర్ కాలు జారింది. పడకుండా అస్లాక్ వెనకనుంచి నడుం పట్టుకున్నాడు.

అతను అనుకుని చేసింది కాదు. స్వెట్టరు మీంచే బొటనవేలు ఒక పక్కకీ మిగతా వేళ్ళు ఇంకో పక్కకీ వెళ్ళిపోయాయి. నొక్కాయి.

"ఏంటయ్యా, నన్నూ ఏరుతున్నావా?"

మాగ్‌హిల్డ్ కడుపు పట్టుకుని నవ్వింది. అస్లాక్ చెయ్యి తియ్యలేకపోయాడు. గున్వోర్ మెడ తిప్పి అతని మొహం చూసింది. ఇన్నేళ్ళుగా ఆ తడిక దగ్గర నిలబడ్డ మనిషి. గొర్రెని కుడివైపుకి తోసేముందు అతని చూపు ఎలా నేలకి దిగుతుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఏ పక్కకి?" అంది, మాగ్‌హిల్డ్‌కి వినబడకుండా.

"చలిగా ఉంది. ఇంట్లోకి పో" అన్నాడతను.

రక్తపరీక్షలూ స్కానూ అన్నీ అయ్యేసరికి అక్టోబరు వచ్చింది. సున్నివా ఆమె చేత చేతిబలం కొలిచే పిడిని గట్టిగా పట్టించింది, చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమంది. గున్వోర్ లేవలేకపోయింది.

"జబ్బేమీ లేదు" అంది సున్నివా.

"బరువు తగ్గమన్నావు. తగ్గాను. మరి?"

"అప్పుడు తగ్గుంటే వేరు. పొట్టలో కొవ్వు పొట్టలోనే ఉంది గున్వోర్ గారూ. కరిగింది చేతుల్లో కాళ్ళలో ఉన్న కండ. అరవై ఏళ్ళకి రావాల్సింది కాదిది."

"ఎన్నేళ్ళకి రావాలి?"

సున్నివా అస్లాక్ వైపు చూసింది. అతను టోపీ చూసుకుంటున్నాడు.

"ఎనభైకి" అంది. "బాగా తినండి. మాంసం, గుడ్లు, చీజు. కూర్చుని లేస్తూ ఉండండి. ఉన్నది కొంత నిలుపుకోవచ్చు. పోయింది తేలేం."

బయటికొచ్చి కారెక్కాక గున్వోర్ అంది, "ఇంటికొద్దు. పైకి పోనీ."

దారి ఆగిపోయే చోట దిగి నడిచారు. అతను వెనక నడిచాడు. మొదటి ఎత్తు దగ్గరే ఆమె బండమీద కూలబడింది. గుడిసె కనబడాలంటే ఇంకో మలుపు తిరగాలి.

"మోసుకెళ్ళనా?"

"పీపాలా ఉన్నప్పుడు అడగాల్సింది, మగాడివైతే!"

ఇద్దరూ నవ్వారు. అతను మాత్రం మళ్ళీ అడగలేదు. ఆమె ఎంత తేలిగ్గా లేస్తుందో తన చేతులకి తెలియడం అతనికి ఇష్టం లేదు.

"ఆ పొగగొట్టం వెనక్కి ఇచ్చెయ్" అంది గున్వోర్.

అతను సంచీలోంచి రొట్టె తీసి వెన్న పట్టించాడు. గున్వోర్ దానివైపు చూసింది.

"ఇన్నేళ్ళూ ఆకలేసినప్పుడల్లా తినొద్దన్నారు. ఇప్పుడు తినమంటున్నారు. ఆకలేదీ?"

అస్లాక్ చీజు మందంగా కోసి రొట్టెమీద పెట్టి అందించాడు. ఆమె తీసుకుంది. కొరికింది, చాలాసేపు నమిలింది, మింగింది. అతను ఇంకో ముక్క కోశాడు.