ఆరు గంటల కంపు

మా కాలనీ పార్కులో పారేది ఒక్క మోరీయే. అయినా ఆదివారం సాయంత్రమైతే, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగినవాళ్లు, అమ్మలక్కలు, పిల్లలు అందరం అక్కడే చేరి పాటలు పాడుకుంటాం. గాలి కబుర్లకు కొదవ లేదు, గాలికే కొదవ. సరిగ్గా ఆరింటికి మోరీలోంచి కుళ్లిన గుడ్ల కంపు లేస్తుంది. ఎవరో ఎక్కడో ఏదో వదులుతారు. మేం ముక్కులు వదులుకోలేం కాబట్టి, గేటు దగ్గర అత్తర్లు అమ్మే సాదుల్లా తన ఊదుదానిలో నిప్పుల మీద ఊదు వేసి ఊదుతాడు. ఆ పొగ పార్కంతా తిరిగాకే పాట మొదలుపెట్టడం మా అలవాటు.

ఆ రోజు కంపు అయిదున్నరకే వచ్చింది, ఎన్నడూ లేనంత ఘాటుగా. పది నిమిషాల్లో ఒక్కసారిగా మాయమైంది.

"ఇయ్యాల కంపు కంపెనీకి సెలవు పెట్టింది" అన్నాను మైకులో. అందరూ నవ్వారు.

నర్సన్న నవ్వలేదు. ఇరవై రెండేళ్లు కెమికల్ ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయిన మనిషి. అతని ఎనిమిదేళ్ల మనవరాలు నిషిత, మోరీ పక్కన పల్లంలో ఉన్న సిమెంటు గద్దె మీద మొదటిసారి పాట ఎత్తుకుంది.

"సాదుల్లా భాయ్, ఊదు ఎయ్యలేదా?"

"ఎప్పుడో ఏసిన నర్సన్నా. సూడు, పొగ నీ మీదికెల్లే పోతుంది."

నర్సన్న పొగ వంక చూశాడు. ఊదుదాని అందుకుని తన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, తర్వాత నా ముక్కు దగ్గర.

"వాసనొస్తుందా?"

కళ్లు మండాయి గానీ వాసన లేదు. నలభై ఏళ్లుగా అత్తర్లను ముక్కుతోనే తూచే సాదుల్లా కూడా పీల్చి, తల అడ్డంగా ఊపాడు.

"కంపు పోలే. మన ముక్కులే పోయినయి" అన్నాడు నర్సన్న మెల్లగా. "ఈ గ్యాసు ఎక్కువైతే ముక్కుకు తెల్వదు. ఫ్యాక్టరీల గిట్లయితే ఉరికేటోళ్లం. అందరు రోడ్డు మీదికి నడువుండ్రి. జల్దీ."

"జెర ఆగు నర్సన్నా, పొల్ల ఇప్పుడే ఎత్తుకుంది" అంది మొగులమ్మ, నిషితకు పాట నేర్పిన ముసలామె. "ఒక్క పాటయినంక పోదాం తియ్యి."

నర్సన్న అప్పటికే తడి తువ్వాలు మూతికి కట్టుకుని పల్లంలోకి దిగుతున్నాడు.

రెండో చరణంలో పాట తెగింది. అప్పుడు గానీ ఎవరూ కదలలేదు.

రోడ్డు మీద గాలి బాగా ఆడుతోంది. కాసేపటికి ఒక్కొక్కరి ముక్కూ తిరిగొచ్చింది.

"కంపొస్తుంది" అంది మొగులమ్మ, పెళ్లి కబురు చెప్పినట్టు. నాకూ వచ్చింది. అంత ఇంపైన కంపు జన్మలో పీల్చలేదు.

నర్సన్న భుజం మీద నిషిత కళ్లు తెరిచింది. సాదుల్లా తన వెంట తెచ్చిన ఊదుదాని ఆమె ముక్కు దగ్గర పట్టాడు.

"వస్తుందా బిడ్డా?" అడిగాడు నర్సన్న.

"ఏంది తాతా?"

సాదుల్లా ఇంకో పిడికెడు ఊదు వేశాడు. ఊదాడు. మళ్లీ ఊదాడు.