మ్యూట్ తీసెయ్యాలా, వద్దా?

పెళ్లయ్యాక నేనూ మా ఆయనా మొదటిసారి ఊరెళ్దామనుకుంటే అడ్డుపడింది ఒకే ఒక్క లైను:

డిసేబుల్ మ్యూట్ = నో

మాది లిఫ్టులకు సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసు. ఏ బిల్డింగుకు ఏం కావాలో ఒక ఫైల్లో రాస్తే, దాన్నిబట్టి ఆ లిఫ్టుకు సాఫ్ట్‌వేర్ తయారవుతుంది. ఒక లైబ్రరీవాళ్లు నోరెత్తని లిఫ్టు కావాలన్నారు. దాని సాఫ్ట్‌వేర్ సాయంత్రంలోగా వాళ్లకు వెళ్లాలి. వెళ్తేనే రేపు నాకు సెలవు.

ఆ ఫైలు రాసింది మా టీమ్ పెద్దాయన. అందరూ బాబాయ్ అంటారు.

"బాబాయ్, దీన్ని 'వాయిస్ = ఆఫ్' అని మార్చేద్దాం. చదవగానే తెలుస్తుంది."

"ఇప్పుడు తెలియట్లేదా? కాస్త బుర్ర వాడాలమ్మా."

మా ఆయన కళ్లు పరీక్షించి అద్దాలిస్తారు. "ఇది బాగుందా, ఇదా?" అని ఒక్కో అద్దం మారుస్తూ ఎంత ఓపిగ్గా అడుగుతారంటే, నా చూపు బాగానే ఉన్నా రెండుసార్లు పరీక్ష చేయించుకున్నాను.

నేనూ అదే పని చేశాను. స్క్రీన్ మీద రెండు లైన్లూ రాసి, ఒక్కోదాన్నే అరచేత్తో మూశాను.

"ఇది బాగుందా... ఇదా?"

అచ్చం మా ఆయనలాగే అడిగేసరికి నాకు నవ్వాగలేదు. బాబాయ్‌కి అసలు రాలేదు.

"రెండూ ఒకటే. జరుగు, నేను చూస్తా. లిఫ్టు మాట్లాడకూడదు. అంటే మ్యూట్ తీసెయ్యకూడదు. తీసెయ్యకూడదు కదా? అవును."

అవును కాబట్టి, 'నో' చెరిపి 'ఎస్' కొట్టారు. నేను దాన్ని పరీక్ష పెట్టెలోకి ఎక్కించాను.

లిఫ్టుకు బదులు టేబుల్ మీద పెట్టుకున్న ఆ పెట్టె ఆఫీసంతా వినబడేలా, "తలుపులు తెరుచుకుంటున్నాయి" అంది.



"గొంతు స్పష్టంగా ఉంది," అన్నారు బాబాయ్.

"లైబ్రరీలో ఇంకా బాగా వినబడుతుంది బాబాయ్."

"చాల్లే సంబడం. ఆ రెండోదే పెట్టు."

'వాయిస్ = ఆఫ్' అని కొట్టాను. పెట్టె లైటు వెలిగించి ఊరుకుంది. సాఫ్ట్‌వేర్ లైబ్రరీకి వెళ్లిపోయింది. బాబాయ్ నా సెలవు మంజూరు చేసి, ఎందుకో ఫైలు ఇంకాస్త కిందికి జరిపారు.

"స్కిప్ నో స్టాప్ = ఆఫ్," అని చదివారు. మళ్లీ చదివారు. "ఏమ్మా, అంటే లిఫ్టు ఆగుతుందా, ఆగదా?"

"సోమవారం చూద్దాం బాబాయ్," అని బ్యాగు భుజానికి తగిలించుకున్నాను.

మా ఆఫీసు లిఫ్టులో ఉన్నదీ మా సాఫ్ట్‌వేరే. మెట్లు దిగి వెళ్లిపోయాను.