దారం కట్టుడు

నాకు కోపమెక్కువ. కామారెడ్డి బస్టాండు వెనక నా కొట్టులో పోరాటాల వీడియో ఆట నేర్చుకోవడానికి వచ్చే కొత్తవాళ్లకు మొదటి రోజే ఆ సంగతి తెలిసిపోతుంది. సగంమంది మళ్లీ రారు. సలోమి మాత్రం తిట్లన్నీ తిని కూడా ప్రతి శుక్రవారం ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కి వచ్చేది.

సలోమి బీడీలు చుడుతుంది. భర్త ప్రభుదాసు దుబాయిలో ఉంటాడు. సెలవు దొరికితే అతనికి ఇదే ఆట. రెండేళ్లుగా "వస్త, వస్త" అంటున్నాడు. ఒకనాడు ఫోన్లో నవ్వుతూ, "గా ఆటల నన్ను ఒక్కసారి ఓడగొట్టు, టికెట్ తీస్త" అన్నాడట. అతను మర్చిపోయాడు. ఈమె మర్చిపోలేదు.

"జ్యోతక్కా, నాకు పెద్ద విద్యనే నేర్పు" అంది మొదటి రోజు వస్తూనే.

పెద్ద విద్య అంటే, దెబ్బ మనకు తగిలే క్షణంలోనే ముందుకు నొక్కడం. దెబ్బ ఆగిపోయి అవతలివాడు తూలతాడు. అప్పుడు వరసగా మూడు దెబ్బలు వేయాలి. రెప్పపాటు అటూ ఇటూ అయితే మనకే తన్నులు. సలోమి నెలరోజులు తన్నులే తింది.

"గట్ల గుడ్లప్పగించి సూస్తవేందే! బీడీలు గిట్ల సూస్కుంటనే సుడ్తవా?" అని ఒకరోజు కసిరాను.

"లేదక్కా, చేతులకే ఎర్క."

"మరి గా చేతులనే అడుగు!"

ఆమె కళ్లు సగం మూసింది. బయట సన్నటి వాన పడుతోంది. తెరమీద వెన్నెల, వంతెన, రాలుతున్న పూలరేకులు. "ఆకు... తంబాకు... సుట్టు..." అని ఆమె పెదాలు మెల్లగా కదిలాయి. మూడు దెబ్బలూ పడ్డాయి. అమ్మబాబోయ్, నా ఒళ్లు జలదరించింది. కానీ ఆ వెంటనే బొటనవేలు ఇంకోసారి నొక్కింది. గాలిలోకి ఒక ఖాళీ గుద్దు.

"గదేందే?"

"బీడీ సుట్టినంక దారం కట్టుడక్కా. ఆగుతలేదు."

ఆ ఖాళీ గుద్దు దగ్గరే దొరికిపోతావని ఎంత మొత్తుకున్నా ఆ అలవాటు పోలేదు.

నిన్న శుక్రవారం, నా కొట్టులోంచే ఆన్‌లైన్లో, తన పేరు దాచి ప్రభుదాసుతో ఆటకు దిగింది. ఆకు, తంబాకు, చుట్టు, దారం. వంతెన మీద ఇద్దరూ ఏ నీళ్లలోనో తేలుతున్నట్టు కదిలారు. చివరికి ఇద్దరికీ ఒక్కొక్క దెబ్బకు సరిపడా ప్రాణమే మిగిలింది. అప్పుడు మళ్లీ ఆమె గాలిలోకి గుద్దింది. అయిపోయింది, కొంప మునిగిందనుకున్నాను.

అతను కొట్టలేదు. తెరమీద అతని బొమ్మ ఊరికే నిలబడిపోయింది.

"గా బొటనేలు నాకెర్కనే," స్పీకర్లో మెల్లగా గొంతు వినిపించింది. "పెండ్లైన కొత్తల పక్కపొంటి కూసొని దారం కట్టుడు సూసేటోన్ని. సలోమీ... నువ్వేనా?"

సలోమి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనే. కాసుకో, కొడ్తున్న" అంది.

"కాసుకోను. కొట్టు."

కొట్టింది. అతని బొమ్మ పూలరేకుల్లో పడిపోయింది.

తర్వాత, "ఏ తారీఖుకు తియ్యాలె టికెట్?" అని అడిగాడు.

అన్ని దెబ్బలు కాచుకున్న మనిషి కొంగుతో మొహం కప్పుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"రేపటికే తియ్యవయ్యా!" అని మైకులోకి నేనే అరిచాను.