మెలకువ తీగకు పడిన ఓట్లు

"ఇలాంటి చెత్త మోసుకొచ్చేవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపేయాలి" అని రాశాడు గొడ్డలి.

గొడ్డలి అంటే మనిషే. మా అమ్మాయి కంప్యూటర్లో ఆడే ఆటలో ఎవరూ అసలు పేర్లు పెట్టుకోరు. మొహం ఉండాల్సిన చోట గొడ్డలి బొమ్మ, అంతే. మా అమ్మాయిని అందరికన్నా ఎక్కువగా తిట్టేది అతనే. అది కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. పొద్దున్నే పోతూ కంప్యూటర్ని ఆపకుండా అలాగే వదిలేసి పోతుంది. ముందు గదిలో, నా కుట్టుమిషను పక్కనే ఉంటుంది ఆ కంప్యూటర్. నా కూతుర్ని ఎవరో తిడుతుంటే చదవకుండా ఎలా ఉంటాను?

ఆ ఆటలో ఉండేవన్నీ రేణువులే. ఇసుక పోస్తే కిందికి జారుతుంది, నీళ్ళు పల్లానికి పోతాయి, నూనెకి మంట తగిలితే భగ్గుమంటుంది. ఎవరికి తోచిన యంత్రాలు వాళ్ళు కట్టుకుంటారు. "పగలంతా ఇసుక లారీ తోలి ఇంటికొస్తే ఇక్కడా ఇసుకేనా" అంటాడు మా ఆయన.

అమ్మాయి ఆ ఆటలోకి రెండు కొత్త పదార్థాలు తేవాలనుకుంది. ఒకటి కిరణం. ఏదైనా అడ్డు తగిలేదాకా తిన్నగా పోతుంది, అద్దం తగిలితే మళ్ళుతుంది. రెండోది మెలకువ తీగ. చీకట్లో కరెంటును పోనివ్వదు, కిరణం పడగానే పోనిస్తుంది. కొత్తది ఏది తేవాలన్నా అందరి ముందూ పెట్టాలి. అక్కడ ఒక పద్ధతుంది. ఎవరూ మెచ్చుకోకూడదు, పగలగొట్టడానికే చూడాలి. దానితో ఏదో ఒకటి కట్టి ఆట కదలకుండా బిగుసుకుపోయేలా చేస్తే, తెచ్చినవాళ్ళు సరిచేసుకుని మళ్ళీ రావాలి. ఎవరూ పగలగొట్టలేనప్పుడు ఓట్లు వేస్తారు. చాలినన్ని పడితే ఆ పదార్థం అందరి ఆటలోకీ చేరుతుంది. అమ్మాయికి కావలసింది అదే. పుట్టాక అది ఏదైనా ఇంతగా కోరుకోవడం నేను చూడలేదు.

"పాత తీగకి రంగేసి కొత్తదంటే నమ్మడానికి మేమేమైనా చెవిలో పూలు పెట్టుకున్నామా?" అన్నాడొకడు. "కళ్లద్దాలు తుడుచుకో పో" అన్నాడు ఇంకొకడు. గొడ్డలి అయితే అది వేసి చూపిన లెక్కల్లో ప్రతి ముక్కా పట్టుకుని ఉతికి ఆరేశాడు. మా అమ్మాయీ తక్కువ తినలేదు. "నీ గొడ్డలికి పదును పెట్టించుకుని రా" అని రాసింది. అది చదివి నా పై ప్రాణాలు పైనే పోయాయి. మొహం తెలియని మనిషిని రెచ్చగొడితే ఇల్లు వెతుక్కుంటూ రాడా? ఆ సాయంత్రం నుంచి కిటికీ గడియ రెండుసార్లు చూసుకునేదాన్ని.

తర్వాత గొడ్డలి రెండు అద్దాలు ఎదురెదురుగా పెట్టి, మధ్యలోకి ఒక్క కిరణం వదిలాడు. అది అటూ ఇటూ కొట్టుకుంటూ పుట్టలు పుట్టలుగా పెరిగి ఆట మొత్తాన్ని కదలకుండా ఆపేసింది. "పాతిపెట్టుకో" అని కింద రాశాడు.

అమ్మాయి మాట్లాడటం మానేసింది. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది. సెలవు రోజంతా గోడవైపు తిరిగి పడుకుంది. పలకరిస్తే "ఉండమ్మా" అంటుంది, అంతే. నాకు ఏవేవో కళ్ళ ముందు ఆడాయి. మందుల పెట్టె తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. కూరగాయల కత్తి కూడా దాచాను.

మర్నాడు అది పనికి పోయాక, గొడ్డలి ఒక్కడికే చేరేలా నాలుగు ముక్కలు రాశాను. 'బాబూ, నేను దాని అమ్మని. నువ్వు తిట్టినప్పటి నుంచి నా కూతురు అన్నం తినడం లేదు, గోడ చూస్తూ పడుకుంటోంది. ఏదైనా చేసుకుంటుందేమోనని భయంగా ఉంది. ఆ తీగని ఒప్పుకో నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటాను.'

సాయంత్రం అమ్మాయి వచ్చి తెర ముందు కూర్చుంది. చెప్పులు కూడా విప్పలేదు. గొడ్డలి నా మాటల్ని అందరి ముందూ పెట్టి, "ఇక నేనేమీ అనను" అని రాశాడు. వాటి కింద ఓట్లు కుప్పలుగా పడ్డాయి. నిన్నటిదాకా తిట్టినవాళ్ళు 'ధైర్యంగా ఉండు చెల్లీ' అంటున్నారు.

"ఎవరు రాయమన్నారు నిన్ను?"

"తిండి మానేశావు కదే!"

"ఆలోచిస్తున్నానమ్మా! రెండద్దాల మధ్య కిరణం ఎలా చావాలో వెతుకుతున్నా."

"సంధ్యవేళ ఆ మాటెందుకే నోట్లోంచి?"

"చచ్చేది కిరణమే తల్లీ, నేను కాదు! కత్తి కూడా నువ్వే దాచావా? పొద్దున పండు కోసుకుందామంటే దొరకలేదు."

"పిచ్చిదానా, నీకు కావలసిన ఓట్లు వచ్చాయి కదే?"

"నా తీగకి ఒక్కటీ రాలేదు. అన్నీ నీ ఏడుపుకే పడ్డాయి."

మా ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. "పోనీలే, ఎలా అయితేనేం, పని అయింది కదా."

"నీ లారీకి బ్రేకు పడటం లేదనుకో నాన్నా. పాపం అని జాలిపడి, బాగానే ఉంది పో అంటే తోలుతావా?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు.

"గొడ్డలి ఒక్కడేనమ్మా నా తీగని సరిగ్గా చూసింది. ఇప్పుడు వాడూ నోరు మూసుకున్నాడు. నీ వల్ల."

"వాడు నిన్ను పాతిపెట్టుకోమన్నాడే!"

"నన్ను కాదు, తీగని. నాకు లేని భయం నీకెందుకు?"

ఎందుకేమిటి? కన్నాను కాబట్టి. మళ్ళీ అలాంటి రోజొస్తే మళ్ళీ రాస్తాను, అది నన్ను ఎంత తిట్టినా సరే. ఆ మాట పైకి అన్నాను కూడా. అప్పుడది నా వైపు చూసిన చూపు మాత్రం పగవాళ్ళకి కూడా వద్దు.

నేను పక్కనే నిలబడి ఉండగానే అది అందరికీ రాసింది. 'నాకేమీ కాలేదు. అన్నం తింటున్నాను. మా అమ్మకి ప్రతిదీ చావులాగే కనబడుతుంది. కిరణం అద్దాల మధ్య ఇంకా పెరిగిపోతోంది, సరి కాలేదు. ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను. ఓట్లు మీరే ఉంచుకోండి.'

ఓట్లు ఒక్కొక్కటే తగ్గాయి. 'అమ్మా కూతుళ్ళ నాటకం' అన్నాడొకడు. 'మమ్మల్ని వెధవల్ని చేశారు' అన్నాడు ఇంకొకడు. నిన్నటికన్నా పచ్చిగా తిట్టారు. అది మాత్రం కదలకుండా చదువుతూ కూర్చుంది.

చాలాసేపటికి గొడ్డలి వచ్చాడు. "సరి కాలేదని నాకు ముందే తెలుసు, దద్దమ్మా. అద్దం తగిలినప్పుడల్లా కిరణం కొంచెం బలం పోగొట్టుకోవాలి. అదైనా తోచలేదా?"

అమ్మాయి కుర్చీ ముందుకి లాక్కుంది. దాని వెన్ను నిటారుగా అయింది.

"దద్దమ్మ అంటున్నాడే" అన్నాను.

"నువ్వు బయటికెళ్ళు."

"కాస్త అన్నం..."

"బయటికెళ్ళమ్మా. ఇంకెప్పుడూ దీన్ని ముట్టుకోకు."

నన్ను గడప దాటించి తలుపు వేసి, లోపల గడియ పెట్టుకుంది. నేను తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. లోపల మీటలు టకటకమంటున్నాయి. ఆ చప్పుడు వినబడినంతసేపూ ఫరవాలేదు. ఆగిందంటే తలుపు బాదుదామని చెయ్యెత్తుకునే ఉన్నాను.