గొడ్డలి ఎత్తిన చెయ్యి

థ్రాసోన్ పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు. రెండు బారల నీళ్ళు దాటితే ఏథెన్స్ ఇసుక. కానీ మనిషి చావుకు కారణమై దేశం విడిచినవాడు, చనిపోయినవాడి రక్తసంబంధీకులు క్షమించేదాకా ఆ ఇసుక మీద కాలు మోపకూడదు. ఐదేళ్ళు పరాయి రేవుల్లో మూటలు మోసి బతికాడు. ఇంకో ఏడాది ఇలాగే అంటే చావడమే నయమని అతనికి తెలుసు.

ఒడ్డున భార్య మిర్తో, ఆమె కొంగు పట్టుకుని కూతురు. అతను వెళ్ళేనాటికి ఆ పిల్ల ఇంకా కడుపులోనే ఉంది.

చనిపోయిన మోస్కోస్ తండ్రి ఫీడోన్, ఇద్దరు అన్నలు నీళ్ళ అంచుకు వచ్చారు. ముగ్గురూ చెయ్యి అందిస్తే థ్రాసోన్ దిగొచ్చు. ఒక్కరు కాదన్నా అంతే సంగతులు. అన్నలు ముందే ఒప్పుకున్నారు.

ముసలాయన చెయ్యి చాచాడు. "న్యాయసభలో చెప్పిన మాటే నాకోసం ఇంకోసారి చెప్పు నాయనా. ఆ తుపానులో ఓడను ముంచేస్తోందని వెనక కట్టిన చిన్న పడవ తాడు నరికావు. అందులో మావాడున్నాడని నీకు తెలీదు. అంతేగా?"

తల ఊపితే చాలు. థ్రాసోన్ ఒక కాలు అప్పటికే అంచు దాటించాడు.

"మాట్లాడవేంరా? ఉప్పుచేపలు తిని నాలుక ఎండిపోయిందా?" అని నవ్వాడు పెద్దన్న.

"తెలిసుంటే నువ్వు వదిలేవాడివి కాదులే. ఆఖరిదాకా నువ్వు లాగుతావనే నమ్ముంటాడు పిచ్చివెధవ," అన్నాడు ఫీడోన్.

ఆ నమ్మకాన్ని థ్రాసోన్ భరించలేకపోయాడు.

"తెలుసు పెద్దయ్యా. నన్ను పేరు పెట్టి పిలిచాడు. విన్నాను."

"గాలివాన చేయించిందని చెప్పరా సన్నాసీ!" అని అరిచాడు పెద్దన్న. "తాడు తెగకపోతే ఓడలో పదకొండు మందీ పోయేవాళ్ళు!"

"పోయేవాళ్ళమే. కానీ గొడ్డలి ఎత్తింది గాలివాన కాదు, ఈ చెయ్యి."

ఫీడోన్ చాచిన చెయ్యి మెల్లగా దిగిపోయింది. "అబద్ధమాడుంటే ఈపాటికి నిన్ను కౌగిలించుకునేవాణ్ణి," అన్నాడు ఏడుస్తూ. "నువ్వు మంచోడివే. కానీ నా కొడుకు పిలుపు విన్నవాణ్ణి రమ్మనలేనురా."

మిర్తో ఇసుకలో కూలబడింది. "నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేదయ్యా!" అని గుండెలు బాదుకుంది.

థ్రాసోన్ కాలు వెనక్కి తీసుకున్నాడు. పడవవాడు గెడ వేశాడు.

"నాన్నా! నాన్నా, దిగవేం?" అంది కూతురు ఒడ్డునుంచి.

ఆ పిలుపూ విన్నాడు. పడవ ఆగలేదు.